డాక్టర్ హూ: భయానికి కొలబద్ద ఏది?

ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే సైన్స్ ఫిక్షన్ సీరియల్లో పిల్లల్ని ఎంతవరకు భయపెట్టొచ్చు? 1963 నవంబరు 23న "డాక్టర్ హూ" మొదలైన కొత్తలోనే బీబీసీకి ఈ తలనొప్పి పట్టుకుంది. శనివారం సాయంత్రం ప్రసారం. పిల్లలూ పెద్దలూ కలిసి చూడాలన్నది ఉద్దేశం. నెల తిరిగేసరికి డాలెక్కులు దిగాయి. లోహపు డబ్బాల్లో తిరుగుతూ మనుషుల్ని చంపే జీవులవి. పిల్లలు బెదిరారా? బెదిరారు. సోఫా వెనక దాక్కుని మరీ చూశారు, పై వారం కూడా!

అసలు అభ్యంతరం ఇంకోచోట వచ్చింది. 1964 ఫిబ్రవరి ఎపిసోడ్‌లో సూసన్ అనే అమ్మాయి మతి చలించి కత్తెరతో పరుపుని పొడుస్తుంది. రాక్షసుడూ లేడు, రక్తమూ లేదు. అయినా బీబీసీ లోపలే మందలింపులు. కారణం సింపుల్: డాలెక్కు తుపాకీ ఏ పిల్లాడికీ దొరకదు, కత్తెర ప్రతి ఇంట్లోనూ ఉంటుంది.

1971 జనవరిలో వచ్చిన "టెర్రర్ ఆఫ్ ది ఆటాన్స్" కథలో రచయిత రాబర్ట్ హోమ్స్ భయాన్ని తిన్నగా ఇంట్లోకే తెచ్చేశాడు. ప్లాస్టిక్ కుర్చీ మనిషిని మింగేస్తుంది, బొమ్మ ప్రాణం పోసుకుని చంపుతుంది. పోలీసు మొహం లాగితే లోపల మొహమే ఉండదు! ఆపదొస్తే పోలీసు దగ్గరికెళ్ళమని పిల్లలకి మనమే చెప్తాం కదా, మరి ఆ పోలీసే ఇలా ఉంటే? విమర్శలు గట్టిగానే వచ్చాయి.

1972లో బీబీసీ ఆడియన్స్ రీసెర్చ్ విభాగం టీవీలో హింస గురించి ఓ అధ్యయనం బయటపెట్టింది. హింసాత్మక ఘటనల్ని లెక్కపెడితే డాక్టర్ హూ పైవరసలో నిలిచింది. కానీ చూసేవాళ్ళు మాత్రం దాన్ని అంత హింసాత్మకమని అనుకోలేదు. కోడు లైన్లు లెక్కపెట్టి ప్రోగ్రామరు పనితనం తేల్చే మేనేజర్లని చూసినవాళ్ళకి ఈ తేడా కొత్తేం కాదు.

ఇక 1976 నవంబరు 13. "ది డెడ్లీ అసాసిన్" మూడో భాగం, రచయిత మళ్ళీ హోమ్సే. చివర్లో శత్రువు డాక్టర్ తలని నీళ్ళలో ముంచి పట్టుకుంటాడు. ఆ మునిగిన మొహం మీదే బొమ్మ ఆగిపోతుంది. తరువాయి వచ్చే శనివారం! టీవీ విలువల మీద ఏళ్ళ తరబడి ఉద్యమం నడిపిన మేరీ వైట్‌హౌస్ మండిపడింది. చిన్నపిల్లలు వారమంతా ఆ మొహాన్నే మోస్తారు కదా అన్నది ఆవిడ వాదన. బీబీసీ డైరెక్టర్ జనరల్ చార్లెస్ కరన్ క్షమాపణ చెప్పాడు. మాస్టర్ టేపులోంచి ఆ క్షణాలు కోసేశారు. నిర్మాత ఫిలిప్ హించ్‌క్లిఫ్ వేరే సీరియల్‌కి మారాడు. 1977లో పగ్గాలు పట్టిన గ్రాహమ్ విలియమ్స్‌కి హింస తగ్గించమని ఆదేశాలొచ్చాయి.

వైట్‌హౌస్ చాదస్తాలు చాలావాటితో నాకు పేచీ ఉంది. టేపు కొయ్యడమూ నాకు నచ్చదు. కానీ ఈ ఒక్క విషయంలో ఆవిడ సరైన చోటే వేలుపెట్టిందనుకుంటా. రాక్షసుడు వస్తాడు, డాక్టర్ గెలుస్తాడు, పిల్లాడు ఊపిరి పీల్చుకుంటాడు. భయపడటం, దాన్నుంచి బయటపడటం, రెండూ కలిస్తేనే ఆ ఆనందం. రెండో సగాన్ని వారం వాయిదా వేస్తేనే గొడవ.

ఇప్పుడు స్ట్రీమింగులో "ఏడేళ్ళు పైబడినవారికి" అని చీటీ అంటించి ఊరుకుంటారు. ఎపిసోడు ఎక్కడ ఆగుతుందో ఆ చీటీ చెప్పదు. అందుకే నేనైతే ఆపెయ్యమనను. పిల్లల పక్కన కూర్చోండి, భయం తీరే సీను దాకా చూపించి అప్పుడు కట్టెయ్యండి అంటాను. మీరేమంటారు?