వరదలో మునిగిన మారుతి

మా వంటింట్లో ఇడ్లీ రేకులు రెండు జతలున్నాయి. అందులో ఒక జతలో నేను ఇప్పటికీ ఇడ్లీ వెయ్యను. ఎంత తోమినా గ్రీజు వాసన వస్తుందేమోనని నా అనుమానం. 2009 అక్టోబరులో పదకొండు రోజులపాటు ఆ రేకుల గుంటల్లో నట్లు, బోల్టులు, వాషర్లు వరసగా సర్ది ఉన్నాయి. ఏ గుంటలోది ఎక్కణ్ణించి విప్పారో మా ఆయనకీ, మా పెద్దాడికీ మాత్రమే తెలుసు. దీపావళి కూడా ఆ పదకొండు రోజుల్లోనే వచ్చి పోయింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు కొంచెం వెనక్కి వెళ్ళాలి.

మాది కొల్లూరు. కోహినూరు దొరికిందని చెప్పే కొల్లూరు మాది కాదు, అది పల్నాటి వైపు కృష్ణ ఒడ్డున ఉండేది, ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. మాది తెనాలికి దగ్గర్లో, డెల్టాలో ఉన్న కొల్లూరు. అప్పట్లో గుంటూరు జిల్లా, 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లా. మా దగ్గర వజ్రాలు లేవు, పసుపూ అరటీ కందా ఉన్నాయి. కరకట్టకి ఇవతల ఊరు, అవతల ఏటి వైపు లంకలు. నా పుట్టిల్లు ఒక లంకలో.

ఈ ఊళ్ళలో బండి అనేది ఎప్పుడు వచ్చిందో మా ఇంటి కథలోంచే చెప్పుకోవచ్చు. మా మామగారు చెప్పేవారు, ఆయన వయసులో ఉన్నప్పుడు ఊళ్ళో కారంటే అంబాసిడరో ఫియట్టో, అదీ డాక్టరుగారికో మిల్లు యజమానికో ఉండేది. మిగతా వాళ్ళకి సైకిలు, లేకపోతే ఎడ్లబండి. బజాజ్ చేతక్ 1972లో వచ్చింది గానీ, డబ్బు కట్టి పేరు రాయించుకుంటే బండి చేతికి రావడానికి ఏళ్ళు పట్టేది. కట్నాల్లో స్కూటరు అడగడం ఆ రోజుల్లోనే మొదలైందని మా అత్తగారి లెక్క. అదే 1972లో లూనా కూడా వచ్చింది, ఆ తర్వాత 1980లో టీవీఎస్ 50. యాభై సీసీ, గేర్లు లేవు, ఆగిపోతే తొక్కుకుంటూ ఇంటికి రావచ్చు. పదహారేళ్ళ పిల్లలకి చట్టం ఒప్పుకునేది కూడా ఆ గేర్లు లేని యాభై సీసీ బండి వరకే, కారుకి పద్దెనిమిది నిండాలి. అందుకే మా వైపు కుర్రాళ్ళ మొదటి బండి అంటే ఇంట్లో వాళ్ళు వాడి వదిలేసిన లూనాయే. వెనక గడ్డిమోపు కట్టిన గుర్తులతో సహా.

మరి ఇవి పాడైతే? పెద్ద పనులైతే బెజవాడ ఆటోనగర్. లారీల బాడీల దగ్గర్నించి చిన్న స్క్రూ దాకా దొరకనిది లేదక్కడ. చిన్న పనులు మాత్రం ఇంట్లోనే. ఎందుకంటే లంక రైతులకి ఇంజను కొత్త కాదు. కరెంటు మోటార్లు అన్ని చోట్లకీ రాకముందు అరటికీ పసుపుకీ నీళ్ళు తోడింది ఆయిలింజన్లే. మా నాన్న దగ్గర ఒక కిర్లోస్కర్ ఉండేది. హ్యాండిల్ వేసి తిప్పితే పొగ కక్కుతూ లేచేది, దాని చప్పుడు ఏటి అవతలికి కూడా వినపడేది. ఎండాకాలంలో అది ఆగిపోతే మెకానిక్కు కోసం కబురంపి, పడవ దాటి ఆయనొచ్చేదాకా తోట ఆగదు. అందుకని రింగులు మార్చడం, నాజిల్ విప్పి తుడవడం, గ్యాస్కెట్ కత్తిరించి వెయ్యడం వ్యవసాయంలో భాగమైపోయాయి. మా ఆయన పెళ్ళికి ముందే ఆ విద్య నేర్చుకున్నారు, పెళ్ళయ్యాక మా నాన్న ఇంజను దగ్గర సాన పెట్టుకున్నారు. అల్లుడు పండక్కి వస్తే కొత్తబట్టలు విప్పి పాత లుంగీ కట్టుకుని ఇంజను ముందు కూర్చునేవాడని మా అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది.

ఇది మన దగ్గరే ఉన్న ముచ్చట కాదు. అమెరికాలో ఫోర్డు కంపెనీ 1908 నుంచి 1927 దాకా మోడల్ టీ అని ఒక కారు చేసింది, కోటిన్నర చేశారట. కొన్నవాళ్ళలో రైతులు బోలెడు మంది. నాగలి బాగుచేసుకున్నట్టే దాన్నీ పెరట్లో బాగుచేసుకునేవాళ్ళు. ఇంగ్లండులో జాన్ హేన్స్ అనే కుర్రాడు హాస్టల్లో చదువుకుంటూ, పదహారేళ్ళ వయసులో పాత ఆస్టిన్ సెవెన్ ఒకటి పట్టుకుని కొత్త రూపం కట్టాడు. ఎలా చేశాడో 1956లో చిన్న పుస్తకం వేస్తే అమ్ముడుపోయింది. పదేళ్ళ తర్వాత, 1966లో, కారుని పూర్తిగా విప్పి, మళ్ళీ బిగిస్తూ ఫొటోలు తీసి పుస్తకం చెయ్యడం మొదలుపెట్టాడు. ఆ పుస్తకాలు పక్కన పెట్టుకుని ఎన్ని దేశాల్లో ఎంతమంది తండ్రీకొడుకులు ఆదివారాలు గడిపారో! మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది. వాళ్ళ మరిది తన పదహారేళ్ళ కొడుక్కి పాత హోండా కొనిచ్చి, బ్రేకులు వాడి చేతే వేయించాడట. ఇక్కడ స్కూటరు ప్లగ్గు కూడా ముట్టుకోని మనిషి అక్కడ కారు కింద పడుకుంటున్నాడని మా చెల్లెలి ఆశ్చర్యం. అక్కడ మెకానిక్కు గంటకి తీసుకునే కూలి వింటే ఎవరైనా పడుకుంటారు.

మన దేశంలో మధ్యతరగతి ఇంటికి కారు తెచ్చింది మాత్రం మారుతి 800. 1983 డిసెంబరు 14న మొదటి కారు తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా హర్‌పాల్ సింగ్ అనే ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి అందుకున్నాడు. లాటరీలో ఆయన పేరొచ్చింది. 2010లో పోయేదాకా ఆ కారు తన దగ్గరే ఉంచుకున్నాడు. అప్పటి ధర నలభై ఏడున్నర వేలు. మా పెద్దాడికి 2009 జూలైలో పద్దెనిమిది నిండితే, తెనాలిలో తెలిసినవాళ్ళ దగ్గర 1997 మోడల్ మారుతి కొన్నారు మా ఆయన. నలభై ఎనిమిది వేలు. కొత్తది పుట్టినప్పటి ధరకి పన్నెండేళ్ళ పాతది వచ్చిందన్నమాట. కార్బురేటర్ బండి, తెల్లది, ఎడమ తలుపు మీద సొట్ట.

కారు కొన్న రెండు నెలలకి వాడి ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో పోయింది. మా ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. మాట్లాడ్డం మానేశారు. "అన్నం తిన్నాడా వాడు?" అని నన్నడిగేవారు, వాడు పక్కగదిలోనే ఉండగా. కారు తాళాలు తీసుకుని బీరువాలో పెట్టేశారు.

అక్టోబరు మొదట్లో కర్నూలు మునిగింది. శ్రీశైలం నిండి, సాగర్ నిండి ఆ నీళ్ళన్నీ మా మీదకి వస్తున్నాయని టీవీలో చెబుతూనే ఉన్నారు. నాలుగో తారీకు ఆదివారం, మా ఆయన కట్ట మీద ఇసుక బస్తాలు వేసే వాళ్ళతో ఉన్నారు. లంకలో మా అమ్మ ఒక్కతే. నేనే బీరువా తెరిచి తాళాలు వాడి చేతికిచ్చాను. ఇది మా ఆయనకి చాలా రోజుల తర్వాత గానీ చెప్పలేదు. వాడు వెళ్ళాడు, మా అమ్మేమో గేదెని వదిలి రానంది. గేదెని తోలించేసరికి సాయంత్రమైంది, దారి మీదకి నీళ్ళు వచ్చేశాయి. అమ్మమ్మని పడవలో తీసుకొచ్చాడు. కారు అక్కడే ఉండిపోయింది. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల పది వేల క్యూసెక్కులు వదిలారు. మా అమ్మ ఇంటి గోడ మీద ఆ నీటి గీత ఇంకా ఉంది, నా భుజాల ఎత్తున.

నీళ్ళు తీశాక ట్రాక్టరుకి కట్టి ఈడ్చుకొచ్చారు. సీట్లలో ఒండ్రు, డ్యాష్‌బోర్డులో ఒండ్రు, ఇంజను మూత తీస్తే చిన్న చేప. మావాడు ఏడుపు మొహంతో తాళం పెట్టి తిప్పబోయాడు. "తిప్పకురా!" అన్నారు మా ఆయన. నెల తర్వాత వాడితో మాట్లాడిన మొదటి మాట అదే.

ఎందుకు తిప్పకూడదో ఆ సాయంత్రం వాడికి చెబుతుంటే నేనూ విన్నాను. సిలిండరులో పిస్టన్ పైకెళ్ళి గాలిని నొక్కుతుంది. గాలి నొక్కితే అణుగుతుంది. నీళ్ళు అణగవు. లోపల నీళ్ళుండగా ఇంజను తిరిగితే పిస్టన్ని పట్టుకునే రాడ్డు వంగిపోతుంది, ఇక ఆ ఇంజను మీద ఆశ వదులుకోవాలి. వరద తగ్గాక ఆత్రంగా తాళం తిప్పి ఇంజన్లు పోగొట్టుకున్నవాళ్ళు ఆ ఏడాది మా చుట్టుపక్కల చాలామందే. ముందు బ్యాటరీ వైరు తీశారు. మూడు ప్లగ్గులూ విప్పారు. ముందున్న పుల్లీ బోల్టుకి పానా పట్టించి చేత్తో మెల్లగా తిప్పితే, ప్లగ్గు కన్నాల్లోంచి బురదనీళ్ళు చిమ్మాయి, వాడి మొహం మీదకి. ఇద్దరూ నవ్వారు. వంటింటి కిటికీలోంచి చూశాను.

తర్వాతి పని ఓపిక పని. కింద బోల్టు విప్పితే ఇంజను ఆయిలు పాలు కలిపిన టీలా దిగింది. చవక ఆయిలు పోసి, చేత్తో తిప్పి, మళ్ళీ దించడం. మూడుసార్లు అలా చేస్తే గానీ రంగు తేలలేదు. పెట్రోలు ట్యాంకు పూర్తిగా దించేశారు, పెట్రోలు తేలిక కదా, నీళ్ళు అడుక్కి చేరతాయి. కార్బురేటర్ని కిరసనాయిల్లో నానబెట్టి సైకిలు పంపుతో ఊదారు. నా ఇడ్లీ రేకులు అప్పుడే మాయమయ్యాయి. డైనమో, స్టార్టరు మాత్రం తెనాలి పంపారు, వైండింగు పని మనవల్ల కాదని. సీట్లు డాబా మీద వేపచెట్టు నీడ పడని చోట ఎండబెట్టాం. ఆ ఒండ్రు వాసన మూడు నెలలుంది. అసలు పోలేదని, మేమే అలవాటు పడ్డామని మా చిన్నది అంటుంది.

పదోరోజు అన్నీ బిగించారు. తిప్పితే ఇంజను పట్టలేదు. ఒకసారి ఢామ్మని పేలింది, కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. మళ్ళీ విప్పారు, మళ్ళీ బిగించారు. రాత్రి ఎనిమిదింటికి మా ఆయన అరుగు మీద కూలబడి, "ప్లగ్గు వైర్లు పీకేటప్పుడు గుర్తులు పెట్టలేదురా. ఏది దేనిదో తెలీట్లేదు" అన్నారు. ఆయన చెయ్యి తిరిగింది ఒక్క సిలిండరున్న ఆయిలింజన్ల మీద. దానికి వరస అన్న మాటే లేదు, ప్లగ్గు అసలే లేదు. ఇక్కడ మూడు. ఏది ముందు వెలగాలో తప్పితే వెలగదు.

మావాడు కాసేపు ఊరుకుని, "మూడు వైర్లు, మూడు కన్నాలు నాన్నా. మొత్తం ఆరు రకాలే. ఆరూ పెట్టి చూద్దాం" అన్నాడు. పాత క్యాలెండరు వెనక ఆరు వరసలూ రాశాడు. పెట్టింది కొట్టేస్తూ వచ్చాడు. లెక్కల్లో పోయిన పిల్లాడు! మా ఆయన ఆ కాగితం వంకే చూస్తూ కూర్చున్నారు గానీ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున్న ఐదో వరసకి దడదడమని పట్టింది. తెల్లపొగ వేపచెట్టు దాటి వెళ్ళింది. ఆ ఇంజను వెలిగే వరస ఒకటి, మూడు, రెండు అని తర్వాత ఎవరో చెప్పారు. ముందే తెలిసుంటే ఒక రాత్రి నిద్ర మిగిలేదేమో. తెలియకపోవడమే మంచిదైందని నా అభిప్రాయం.

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర "సప్లిమెంటరీ ఎప్పుడ్రా?" అని నేరుగా వాణ్ణే అడిగారు. నేను మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్ళిపోయాను.

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది, అదే ఏడాది మే నెలలో అంబాసిడర్ కూడా. ఇప్పటి కార్లలో బోనెట్టు ఎత్తితే ప్లాస్టిక్ మూత, ఏం జరిగిందో కంప్యూటరు తగిలించి చూడాలి. వస్తువు కొన్నవాడికి దాన్ని బాగుచేసుకునే హక్కు, సమాచారం ఉండాలని కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ఒక పోర్టల్ పెట్టింది. వ్యవసాయ యంత్రాలు, వాహనాలు కూడా అందులో ఉన్నాయి. ఒకప్పుడు పానా చేతిలో ఉంటే చాలిన దానికి ఇప్పుడు హక్కు అని పేరు పెట్టాల్సి వచ్చింది.

మా కారు ఇంకా ఉంది. పదిహేనేళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించాలి, 2022లో ఆ ఫీజు ఆరొందల నుంచి ఐదు వేలయింది. గొణుక్కుంటూ కట్టారు. అమ్మేద్దామని నేనంటే వినపడనట్టు ఊరుకుంటారు.

2024 సెప్టెంబరు 2న బ్యారేజీ నుంచి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చాయి, 2009 కన్నా ఎక్కువ. లంకలన్నీ మునిగాయి, కట్ట తెగుతుందేమోనని ఊరంతా రాత్రి మేలుకొని ఉంది. మా అమ్మ అప్పటికే మా ఇంట్లో ఉంది, గేదె సంగతి ముందే చూసుకుని మరీ వచ్చింది. అర్ధరాత్రి బెంగళూరు నుంచి పెద్దాడు ఫోన్ చేశాడు. అమ్మమ్మ ఎలా ఉంది, అమ్మ ఎలా ఉంది అన్నీ అడిగాక, "నాన్నా, కారు?" అన్నాడు.

"కట్ట మీదకి ఎక్కించాన్రా. వైర్లకి కూడా పెయింటుతో నంబర్లు వేసి ఉన్నాయి" అన్నారు మా ఆయన.