మలమూత్రాలపై అదుపులేని రోగుల చర్మ సంరక్షణలో అనుకరణ శిక్షణ

మలమూత్ర విసర్జనపై అదుపు కోల్పోయిన రోగుల చర్మాన్ని కాపాడే పద్ధతులను నర్సులకు ముందుగా బొమ్మలపైన, రోగులుగా నటించే వ్యక్తులపైన అభ్యాసం చేయించడాన్ని అనుకరణ శిక్షణ అంటారు. పక్షవాతం, వెన్నుపాము గాయాలు, తీవ్రమైన మతిమరుపు ఉన్నవారికి ఈ సంరక్షణ ఎక్కువగా అవసరమవుతుంది.

చర్మం దెబ్బతినే విధానం

ఆరోగ్యకరమైన చర్మపు పైపొర కొద్దిగా ఆమ్ల స్వభావం కలిగి ఉంటుంది. తడి ఎక్కువసేపు నిలిస్తే అది నానిపోతుంది. మూత్రంలోని యూరియాను బాక్టీరియా అమ్మోనియాగా మార్చడం వలన ఆమ్లత తగ్గుతుంది. అప్పుడు మలంలోని ఎంజైములు చురుకై పైపొరను దెబ్బతీస్తాయి. మామూలు సబ్బు క్షార స్వభావం కలది కనుక దానితో పదేపదే రుద్దితే హాని పెరుగుతుంది.

గుర్తింపు

ఈ చర్మశోథను తరచుగా పడక పుండుగా పొరబడతారు. పడక పుండు సాధారణంగా ఎముక ఉబ్బెత్తుగా ఉన్నచోట, స్పష్టమైన అంచుతో ఏర్పడుతుంది. చర్మశోథ తడి తగిలిన మేరకు, స్పష్టమైన అంచు లేకుండా వ్యాపిస్తుంది. మొదటిదానికి ఒత్తిడి తగ్గించడం, రెండవదానికి తడి తొలగించడం ముఖ్యం. బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం 2017లో వెలువరించిన గ్లోబియాడ్ వర్గీకరణలో చర్మం ఎర్రబడడం మొదటి వర్గం, చర్మం ఊడిపోవడం రెండవ వర్గం. ఇన్ఫెక్షన్ లక్షణాలను బట్టి ఒక్కొక్కటి రెండుగా విభజింపబడింది.

నల్లని చర్మంపై ఎరుపు స్పష్టంగా కనిపించదు. రంగు ముదరడం, వేడి, నొప్పి వంటి గుర్తులను చూడాలి. అందువలన భారతదేశంలో శిక్షణకు చామనఛాయ, నలుపు రంగు బొమ్మలు అవసరం. తెల్లని బొమ్మపై మాత్రమే నేర్చుకున్నవారు వార్డులో తొలి దశను గుర్తించలేకపోవచ్చు.

శిక్షణ పద్ధతి

బొమ్మపై రంగులతో గాయాన్ని, కృత్రిమ పదార్థాలతో మలమూత్రాలను కల్పిస్తారు. శిక్షణ పొందేవారు తెర వేసి, చేయబోయే పనిని రోగికి చెప్పి, అనుమతి తీసుకోవాలి. తరువాత ముందునుండి వెనుకకు మృదువుగా శుభ్రపరచి, అద్ది ఆరబెట్టి, జింక్ ఆక్సైడు లేదా పెట్రోలియం జెల్లీ వంటి రక్షణ లేపనం పూసి, వివరాలు నమోదు చేయాలి. చివర జరిగే చర్చలో లోపాలను సమీక్షిస్తారు. రోగిగా నటించినవారు తమకు కలిగిన బిడియాన్ని, అసౌకర్యాన్ని చెబుతారు. బొమ్మకు నొప్పి, సిగ్గు ఉండవు కనుక ఈ చర్చ ముఖ్యమైనది. దీని తరువాత పర్యవేక్షణలో రోగి మంచం వద్ద అభ్యాసం తప్పనిసరి.

చరిత్ర, వరంగల్

నర్సుల శిక్షణలో బొమ్మల వాడకం కొత్తది కాదు. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి కోసం మార్తా చేజ్ 1911లో నిలువెత్తు బొమ్మను తయారుచేసింది. భారత నర్సింగ్ మండలి 2021లో సవరించిన బి.ఎస్సీ. నర్సింగ్ పాఠ్యప్రణాళికలో నైపుణ్య ప్రయోగశాలకు ప్రత్యేకంగా గంటలు కేటాయించారు. తెలంగాణలోని నర్సింగ్ కళాశాలలు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్నాయి. ఈ నగరంలోని మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, 1959లో స్థాపించబడిన కాకతీయ వైద్య కళాశాలకు బోధనాసుపత్రి.

భారతదేశంలోని ప్రభుత్వ ఆసుపత్రులలో రోగిని శుభ్రపరచే పని చాలావరకు వెంట ఉన్న బంధువులే చేస్తారు. కనుక సంరక్షణ చేయడంతో పాటు, బంధువులకు దానిని నేర్పడం కూడా నర్సుల శిక్షణలో భాగం కావలసి ఉన్నది. బంధువుగా నటించే వ్యక్తితో ఈ బోధనను కూడా ముందుగా అభ్యాసం చేయించవచ్చును.