చేతి తిమ్మిర్లు తగ్గట్లేదా? నరం ఎక్కడ నొక్కుకుపోయిందో ఈ స్కాన్ చూపిస్తుంది..

అల్ట్రాసౌండ్ అంటే గర్భిణులకు చేసే స్కానే అనుకుంటాం. కానీ చేతులు, కాళ్లలోని నరాలను కూడా డాక్టర్లు దీంతో నేరుగా చూస్తారు. సూదులు, కరెంట్ షాక్‌లు, రేడియేషన్ ఏవీ ఉండవు.

ఎక్కువగా దేనికి?: కార్పల్ టన్నెల్ సిండ్రోమ్‌కు. మణికట్టులోని ఇరుకు దారిలో మీడియన్ నరం నొక్కుకుపోతుంది. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో సగం తిమ్మిరెక్కుతాయి. రాత్రిళ్లు బాధ ఎక్కువ. చెయ్యి విదిలిస్తే కాస్త ఉపశమనం.

ఎలా తెలుస్తుంది?: నొక్కుకున్న నరం వాస్తుంది. మణికట్టు దగ్గర దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 10 చదరపు మిల్లీమీటర్లు దాటితే డాక్టర్లు అనుమానిస్తారు. పక్కన గడ్డ, నీటితిత్తి లాంటివి ఉన్నా బయటపడతాయి.

కుష్టులోనూ..: ఈ వ్యాధిలో మోచేతి దగ్గరి అల్నార్ నరం మందమవుతుంది. డాప్లర్ స్కాన్‌లో నరంలో రక్తప్రవాహం పెరిగినట్టు కనిపిస్తే వాపు చురుగ్గా ఉందని అర్థం. వెంటనే చికిత్స మొదలుపెడితే వేళ్లు వంకర పోకుండా కాపాడుకోవచ్చు.

ఇది గుర్తుంచుకోండి: స్కాన్ నరం ఆకారాన్ని చూపిస్తుంది, పనితీరును కాదు. దానికి నెర్వ్ కండక్షన్ టెస్ట్ కావాలి. షుగర్ వల్ల వచ్చే తిమ్మిర్లలో స్కాన్ మామూలుగానే ఉండొచ్చు. రిపోర్ట్ నార్మల్ అని వదిలేయొద్దు. వస్తువులు చేజారుతున్నా, బొటనవేలి కింది కండ సన్నబడుతున్నా ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్ట్‌ను కలవాలి.