రాడ్‌బర్న్ ఒక్క చేత్తో గెలిపించిన ఏడాది

1884 జూలై 22న అమెరికాలోని ప్రావిడెన్స్ గ్రేస్ బేస్‌బాల్ జట్టు గెలవాల్సిన ఆటను చేజేతులా పోగొట్టుకుంది. బంతి విసిరే పిచర్ చార్లీ స్వీనీ తాగి ఉన్నాడు. బంతి మరొకరికిచ్చి ఫీల్డింగ్‌కు వెళ్లమని మేనేజర్ ఫ్రాంక్ బాంక్రాఫ్ట్ చెబితే, మైదానమే విడిచిపెట్టి పోయాడు. ఎనిమిది మందితో ఆట ముగించిన జట్టు ఓడింది. క్లబ్ స్వీనీని వెళ్లగొట్టింది. మరో ప్రధాన పిచర్ చార్లెస్ రాడ్‌బర్న్ అప్పటికే సస్పెన్షన్‌లో ఉన్నాడు. జట్టునే ఎత్తేద్దామా అనేదాకా వచ్చింది వ్యవహారం.

ఆ సమయంలో రాడ్‌బర్న్ ముందుకొచ్చాడు, ఊరికే కాదు. మిగతా సీజన్ భారమంతా మోస్తాను, అదనంగా డబ్బివ్వండి, ఏడాది చివర నన్ను వదిలేయండి అన్నాడు. అప్పట్లో 'రిజర్వ్' నిబంధన ఉండేది. ఒప్పందం గడువు తీరినా ఆటగాడు పాత క్లబ్ సొత్తే. వేరే జట్టుకు పోవాలంటే యజమాని దయ ఉండాలి. ఇల్లినాయ్‌లోని బ్లూమింగ్టన్‌లో పెరిగిన ఈ మాంసం కొట్టు యజమాని కొడుకు తన చేతి విలువ ఎరిగినవాడు. అంతకు ముందటేడే 48 మ్యాచ్‌లు గెలిపించాడు మరి!

క్లబ్ ఒప్పుకుంది. తర్వాత జరిగింది ఇవాళ్టికీ నమ్మశక్యం కాదు. జూలై 23 నుంచి సెప్టెంబర్ 24 దాకా జట్టు ఆడినవి 43 మ్యాచ్‌లు. వాటిలో 40 రాడ్‌బర్నే పిచర్‌గా ఆరంభించాడు, 36 గెలిచాడు. అందులో వరసగా 18 గెలుపులు! పిచర్‌కూ బ్యాటర్‌కూ మధ్య దూరం అప్పుడు 50 అడుగులే అయినా, రోజు విడిచి రోజు, ఒక్కోసారి రోజూ విసరడం చేతికి నరకమే. పొద్దున్నే తల దువ్వుకోవడానికి కూడా చెయ్యి పైకి లేచేది కాదని చెబుతారు. వేడి తువ్వాళ్లతో కాపడం పెట్టుకుని మళ్లీ మైదానానికి వెళ్లేవాడు.

సీజన్ మొత్తంలో 678 ఇన్నింగ్స్‌కు పైగా విసిరాడు, 441 సార్లు బ్యాటర్లను మూడు స్ట్రైక్‌లతో ఔట్ (స్ట్రైకౌట్) చేశాడు. గెలుపులు 59 అని కొందరు, 60 అని కొందరు రాస్తారు. ఇద్దరు పిచర్లు పంచుకున్న ఒక మ్యాచ్ ఎవరి ఖాతాలోకి వెళ్లాలన్నదే పేచీ. అక్టోబర్‌లో న్యూయార్క్ మెట్రోపాలిటన్స్‌తో జరిగిన మూడు మ్యాచ్‌ల ఛాంపియన్‌షిప్‌లోనూ మూడింటికీ అతనే పిచర్, మూడూ గెలుపులే.

ఆ తర్వాత అతని ఆట ఏనాడూ అంత ఎత్తుకు చేరలేదు. 1885లోనూ అతను గ్రేస్‌కే ఆడాడు. ఆ ఏడాది తర్వాత జట్టు మూతపడింది, అతను బోస్టన్ చేరాడు. 1890లో రిజర్వ్ నిబంధనపై తిరగబడ్డ ఆటగాళ్లు సొంతంగా ప్లేయర్స్ లీగ్ పెట్టుకుంటే, రాడ్‌బర్న్ వాళ్లతో నడిచాడు. 1884లో తన కోసం బేరమాడినవాడు ఆరేళ్ల తర్వాత అందరి పక్షాన నిలిచాడు. అతని జీవితంలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచే ఘట్టం అదే, ఆ లీగ్ ఒక్క ఏడాదికే కూలిపోయినా సరే.

ఆట మానేశాక వేటలో జరిగిన ప్రమాదంలో ఒక కన్ను పోయింది. 1897లో 42 ఏళ్లకే బ్లూమింగ్టన్‌లో కన్నుమూశాడు. 1939లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది. ఇప్పటి మేజర్ లీగ్ పిచర్ సీజన్‌కు 30 పైచిలుకు మ్యాచ్‌లు ఆరంభిస్తేనే ఎక్కువ కాబట్టి, ఒకే సీజన్‌లో అన్ని గెలుపుల రాడ్‌బర్న్ రికార్డును ఇక ఎవరూ అందుకోలేరు.