బండి యెత్తు, బాట లోతు

బండి చేయువానిని తరతరములుగా రెండు చిక్కులు వెన్నంటి వచ్చుచున్నవి. మొదటిది బాట, రెండవది బరువు. బాట గుంటలు గలది. బరువు ఒకపూట ఎక్కి ఒకపూట దిగునది. ఈ రెంటికిని నడుమ చక్రమును, విల్లువలె వంగు ఇనుప పట్టీలను పొందుగా నిలుపుటయే వాహన నిర్మాణ చరిత్రలో సగపాలు. అమెరికా దేశమున పికప్పు ట్రక్కు అను చిన్న సరకుబండి కలదు. దానిని కొనినవారు పలువురు నేడు ముందుభాగమును రెండంగుళములు పైకెత్తించి, వెనుకభాగముతో సమము చేయించి, పెద్ద టైర్లు తొడిగించుచున్నారు. చూచువారికి ఇది వట్టి వేడుకగా తోచవచ్చును. కాని, అసలు ఆ బండి వెనుకభాగము ఎత్తుగా నెందుకుండెను? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదుకబోయినచో రెండు శతాబ్దముల చరిత్ర మన ముందు నిలుచును.

మన యెడ్లబండినే మొదట తలచుకొందము. దాని చక్రము మనిషి రొమ్మెత్తు వచ్చును. అంత చక్రమేల? చక్రము పెద్దదైనకొలది గుంటలో దిగబడుట తగ్గును, అడ్డువచ్చిన రాతిని ఎక్కుట సులువగును. నల్లరేగడి నేలలో వానకాలపు బాటలు ఎరిగినవారికి ఈ మాట వివరింప నక్కరలేదు. ఆ బండిలోనే మఱియొక సూక్ష్మము కలదు. బరువు ముందునకు జరిగినచో కాడి యెడ్ల మెడపై కూర్చుండును. వెనుకకు జరిగినచో కాడి పైకి లేచి పలుపులు మెడను బిగించును. అందుచేత బస్తాలు ఎక్కించు రైతు ఇరుసునకు ఇరువైపుల బరువు సరితూగునట్లు సర్దును. అతడు యంత్రశాస్త్రమును చదివినవాడు కాడు. ఎద్దు మెడయే అతనికి త్రాసు. ఈ తూకమే మన కథకు మూలసూత్రము.

ఎడ్లబండికి స్ప్రింగులు లేవు. లండను నగరమున బండ్లు కట్టు ఒబడయా ఇలియట్ అను నతడు 1804లో దీర్ఘవృత్తాకారపు స్ప్రింగులకు పేటెంటు పొందెను. ఒకదానిపై నొకటి పేర్చిన ఉక్కు పట్టీలు రెండు విండ్లవలె ఎదురెదురుగా నిలిచి, బాట కుదుపును తాము మ్రింగి బండిని కాపాడును. మన జట్కాల క్రింద నుండినవి ఈ జాతి పట్టీలే. నేటికిని లారీ షెడ్లలో వానిని కమాను కట్టలని పిలుతురు. కమాను అనగా విల్లు. పనివారు పెట్టిన ఆ పేరులోనే దాని గుణమంతయు నిమిడియున్నది.

స్ప్రింగు తరువాత రబ్బరు. చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకముతో రబ్బరును గట్టిపరచు విధానమునకు 1844లో అమెరికా పేటెంటు పొందెను. మరుసటి యేడే, 1845లో, రాబర్ట్ విలియం థామ్సన్ అను స్కాట్లండు వాసి గాలి నింపిన టైరునకు పేటెంటు తీసికొనెను. కాని లోకము దానిని మరచిపోయెను. 1888లో బెల్‌ఫాస్టు నగరపు పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండి కొరకు చేసిన ప్రయత్నమునుండి అదే సంగతిని మరల కనుగొని పేటెంటు పొందగా, థామ్సన్ ముందే కనుగొనియుండెనని తెలిసి ఆ పేటెంటు చెల్లకపోయెను. పేటెంటు పోయినను టైరు నిలిచినది. 1895లో మిషెలాఁ సోదరులు పారిస్-బోర్డో పందెమున గాలి టైర్ల మోటారు బండిని నడిపి, అది మోటారునకును పనికివచ్చునని చూపిరి.

ఇక అమెరికా పల్లెలకు పోదము. 1904లో ఆ దేశమున ప్రభుత్వము లెక్క తీయగా గ్రామీణ రహదారులు 21 లక్షల మైళ్లకు మించియుండెను. వానిలో కంకరయో రాయియో పరచి బాగుచేసినవి నూటికి ఏడు మాత్రమే. తక్కినదంతయు మట్టి, బురద, బండ్లచాళ్లు. అట్టి బాటల కొరకే హెన్రీ ఫోర్డు 1908లో మోడల్ టీ అను కారును విడుదల చేసెను. దాని చక్రములు 30 అంగుళముల యెత్తు గలవి. నేలకును బండి అడుగునకును నడుమ సుమారు 10 అంగుళముల ఎడము. ముందొకటి, వెనుకొకటి, అడ్డముగా అమర్చిన కమాను కట్టలు. ముందు టైరు వెడల్పు మూడంగుళములు, వెనుక టైరు మూడున్నర. ఈ అరయంగుళపు తేడాను గమనింపవలెను; బరువు వెనుక పడునని నిర్మాతకు తెలియును.

రైతులు ఈ కారును కారుగా నుండనీయలేదు. వెనుక భాగమును తొలగించి, ఊరి వడ్రంగిచే చెక్కపెట్టె చేయించి, పాలబిందెలు, ధాన్యపు బస్తాలు, కోళ్లగంపలు ఎక్కించిరి. వాడువారు చూపిన దారిని కర్మాగారము అనుసరించినది. 1925 ఏప్రిల్‌లో ఫోర్డు సంస్థ తానే ఉక్కు పెట్టె నమర్చిన బండిని 281 డాలర్లకు అమ్మజూపెను. కర్మాగారమునుండియే పికప్పు అను పేరుతో వెలువడిన తొలి ఫోర్డు బండి యిది.

ఇచ్చట మన ప్రశ్నకు సమాధానము దొరకును. పికప్పు బండి బరువంతయు వెనుక పెట్టెలో పడును. అరటన్ను సరకు ఎక్కగనే వెనుక స్ప్రింగులు అణగును. ఖాళీగా నున్నప్పుడు బండి సమముగా నుండినచో, సరకు ఎక్కినప్పుడు తోక క్రుంగి ముక్కు పైకి లేచును. ముక్కు లేచినచో ముందు చక్రములకు నేలపై పట్టు తగ్గును, చుక్కాని తేలికయగును, దీపముల వెలుగు ఎదుటివారి కన్నులలో పడును. అందుచేత నిర్మాతలు తోకను ముందే కొంత ఎత్తి పెట్టుదురు. ఖాళీ బండి వంగియుండుట లోపము కాదు, రానున్న బరువునకు విడిచిన చోటు. కాడి యెత్తు చూచి బస్తాలు సర్దిన రైతు లెక్కయే యిది.

అయినను, బండిని ఎత్తుచేయుట అంతయు వట్టి ముచ్చట యనుట న్యాయము కాదు. దానికి గట్టి అవసరములు కలవు. ఇండియానాపొలిస్ నగరపు మార్మన్-హెరింగ్టన్ సంస్థ 1935 మొదలు ఫోర్డు ట్రక్కులకు ముందు ఇరుసునకును శక్తి నందించి, నాలుగు చక్రములతో లాగు బండ్లుగా మార్చినది. రెండవ ప్రపంచ యుద్ధమున సైన్యమునకు ట్రక్కులు చేసిన డాడ్జ్ సంస్థ, 1946లో అదే వంశమునకు చెందిన పవర్ వేగన్‌ను పౌరులకు విక్రయించెను. తరువాత మినియాపొలిస్‌కు చెందిన నాప్కో సంస్థ షెవ్రొలే ట్రక్కులకు అట్టి మార్పునే చేయగా, 1957లో షెవ్రొలే సంస్థ దానిని తన కర్మాగారముననే అమర్చ మొదలిడెను. అడవిలో, మంచులో, గనులలో పనిచేయువారికి ఆ యెత్తు అలంకారము కాదు, జీవనోపాయము.

అవసరము వేడుకగా మారిన కథకు చక్కని నిదర్శనము సెయింట్ లూయీ ప్రాంతపు బాబ్ చాండ్లర్. నాలుగు చక్రముల చోదన గల బండ్ల దుకాణము నడిపిన ఆయన తన 1974 నాటి ఫోర్డు పికప్పునకు పెద్ద టైర్లు తొడిగెను. పెద్ద టైర్ల భారమునకు ఇరుసులు విరిగెను. సైనిక ట్రక్కుల ఇరుసులు తెచ్చి వేసెను. ఇరుసులు బలపడగనే ఇంకను పెద్ద టైర్లు కావలసివచ్చెను. 1981లో ఆ బండి పాత కార్లపై నెక్కి వానిని అణగద్రొక్కినది. అనంతరము దాని టైర్లు 66 అంగుళముల వరకు పెరిగినవి. ఒకటి మార్చినచో రెండవది, రెండవది మార్చినచో మూడవది మార్చక తప్పదని ఈ కథ తెలుపును.

ఈ మాటను అంకెలలో చూతము. 30 అంగుళముల టైరు తీసి 33 అంగుళములది వేసితిమనుకొందము. వ్యాసము మూడంగుళములు పెరిగినను ఇరుసు నేలనుండి లేచునది ఒకటిన్నర అంగుళమే. తక్కిన సగము ఇరుసునకు పైన నుండును. చక్రము ఒకసారి తిరిగినప్పుడు పోవు దూరము నూటికి పది పెరుగును. వేగసూచి 60 అని చెప్పునప్పుడు బండి 66తో పోవుచుండును. చక్రము నేలను త్రోయు బలము నూటికి తొమ్మిది పాళ్లు తగ్గును. బరువైన చక్రమును ఆపుటకు బ్రేకు ఎక్కువ శ్రమపడును. ఇక ముందు స్ప్రింగు నెత్తిన ఇనుప బిళ్ల నుంచి ముక్కును లేపినచో, చక్రముల వాలు చెడును. దానిని మరల సరిదిద్దనిచో టైర్లు ఒకవైపే అరుగును. ఒకే కడ్డీవంటి ఇరుసు గల బండిలోనైతే స్ప్రింగును ఎత్తుటవలన పెట్టె మాత్రమే లేచును. రాతికి తగులు ఇరుసు ఉన్నచోటనే యుండును.

మన దేశమునకు ఈ చరిత్రతో సంబంధము లేకపోలేదు. మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపులను ఇచ్చట కూర్చుట ఆరంభించినది. యుద్ధభూమికి పుట్టిన బండి మన కొండబాటలకు వచ్చినది. గాలి టైర్లు తొడిగిన ఎడ్లబండి టైరుబండి యను పేర మన పల్లెలలో తిరిగినది. అచ్చట చక్రము పెరుగలేదు, తగ్గినది; వెడల్పు పెరిగినందున బాట చీలుట తప్పినది, ఎడ్లకు లాగుడు సులువైనది. ఇక మోటారు బండ్ల విషయమున 1988 నాటి చట్టము 52వ విభాగము, తయారీదారు నిర్ణయించిన మూల వివరములకు భిన్నముగ వాహనమును మార్చరాదని శాసించుచున్నది. 2019లో సుప్రీంకోర్టు ఆ నియమమును గట్టిగా నిలిపినది. బాట మన యొక్కరిది కాదు. ఎత్తైన బండి ముందుభాగము చిన్నకారులోని వాని తలకు సమముగ వచ్చునప్పుడు, ఆ యెత్తు యజమాని సొంత విషయముగా మిగులదు.

బురదలో పనిచేయువాడు పెద్ద చక్రమును కోరుట న్యాయమే. బరువు మోయువాడు తోక యెత్తును కాపాడుకొనుట వివేకమే. మార్చదలచినవాడు మొదట అడుగవలసినది ఒకటే: ఈ బండి రేపు మోయవలసిన బరువెంత? ఎడ్లబండిలో ఆ లెక్క తప్పినచో ఎద్దు వెంటనే మొరాయించి తెలిపెడిది. ఉక్కు స్ప్రింగు నోరులేనిది. అది తెలుపుట మలుపులోనో, వానలో బ్రేకు వేసినప్పుడో జరుగును.