ఇరువదియైదు డాలర్ల ప్రాసెసరు

1975వ సంవత్సరము సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో నగరమున వెస్కాన్ అను ఎలక్ట్రానిక్సు ప్రదర్శనము జరిగెను. ప్రదర్శనశాలలో అమ్మకములు నిషిద్ధములు. అందుచే మోస్ టెక్నాలజీ సంస్థవారు ఒక హోటలు గదిలో పెద్ద గాజుజాడీ నిండ చిప్పులు పోసి, ఒక్కొక్కటి 25 డాలర్లకు విక్రయించిరి. ఇంటెల్ 8080 తొలుత వెలువడినప్పుడు దాని వెల 360 డాలర్లు. జాడీ అడుగుననున్న చిప్పులు పనిచేయనివనియు, నిండుదనము చూపుటకే వానిని పోసిరనియు చెప్పుదురు. కూరగాయల గంప అడుగు తడవి చూచు మన గృహిణులకు ఈ కిటుకు క్రొత్తది కాదు.

ఆ చిప్పు పేరు 6502. దాని నిర్మాతలలో ముఖ్యులైన చక్ పెడిల్, బిల్ మెన్ష్ ఇరువురును మోటరోలాలో 6800 ప్రాసెసరుపై పనిచేసి వెలువడినవారే. చౌక ప్రాసెసరు కావలెనని పెడిల్ అక్కడ చెప్పిన మాట చెల్లలేదు. 1976 నాటి ఆపిల్ మొదటి యంత్రమునకును, 1981లో బ్రిటనున వెలువడిన బి.బి.సి. మైక్రోకును ఈ జాతి చిప్పే గుండెకాయ. కేంద్ర విద్యాశాఖయు ఎలక్ట్రానిక్సు శాఖయు కలిసి 1984లో ఆరంభించిన ‘క్లాస్’ పథకము క్రింద మన పాఠశాలలకు తొలుత చేరినవి ఆ బి.బి.సి. యంత్రములే. కంప్యూటరు మీటలను మొదటిసారి ముట్టిన ఆనాటి విద్యార్థులెందరో, పేరైన తెలియకయే 6502తో సంభాషించిరి.

ఆ యంత్రములు మూలబడినవి. పాత పెట్టెలో దొరికిన చిప్పునకు ప్రాణమున్నదో లేదో తెలియుట ఎట్లు? నేటి ఔత్సాహికులు ఇందులకు ఆర్డువీనో మెగా అను పలకను వినియోగించుచున్నారు. ఆర్డువీనో 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణమున విద్యార్థుల కొరకు పుట్టినది. ఆ పేరు అక్కడి పానశాల ఒకదానిది. ఆ పానశాల పేరు 1002లో ఇటలీకి రాజైన ఆర్డుయినోది!

6502నకు 40 కాళ్లు. వానిలో చిరునామా తీగెలు 16, సమాచారపు తీగెలు 8; చదువు-వ్రాత సూచన, క్లాకు, రీసెట్టు కలిపి 27 తీగెలు కావలెను. మెగాకు 54 కలవు. రెండును 5 వోల్టులతో నడచును గనుక తీగెలు నేరుగా కలుపవచ్చును.

పరీక్ష సులభము. సమాచారపు తీగెలపై ఎల్లప్పుడు 234 అను సంఖ్యనే నిలుపుదురు. 6502 భాషలో దానికి ‘ఏమియు చేయకుము’ అని అర్థము. రీసెట్టు పిమ్మట చిప్పు 65,532, 65,533 చిరునామాలలో తన గమ్యమును చదువుకొనును. రెండుచోట్లను 234యే కనబడుటచే 60,138వ చిరునామాకు ఉరుకును. అటుపై క్లాకు రెండుమార్లు కొట్టినప్పుడెల్ల ఒక్కొక్క చిరునామా ముందునకు జరుగును. ఆర్డువీనో ఆ సంఖ్యలను తెరపై వ్రాయును: 60,138, 60,139, 60,140. నలువదేండ్ల నాటి చిప్పు లేచి నడచుచున్నదన్నమాట. ఆ మీదట 234కు బదులు ఆర్డువీనోయే మెమొరీ వేషము కట్టి, అడిగిన ఆజ్ఞనెల్ల అందించి నిజమైన ప్రోగ్రామును నడిపింపవచ్చును.

అయితే ఒక చిక్కు కలదు. ఆర్డువీనో క్లాకు 16 మెగాహెర్ట్‌జులది, వృద్ధునిది ఒక్క మెగాహెర్ట్‌జు. అయినను చిరునామా చదివి బదులిచ్చుటకు ఆర్డువీనోకు చాల అంగలు పట్టును. కనుక క్లాకును నెమ్మదిగా కొట్టవలెను. పాత ఎన్‌మాస్ చిప్పు తన అంకెలను విద్యుదావేశముగా దాచుకొనును. క్లాకు ఆలస్యమైనచో మరచిపోవును. మెన్ష్ తరువాత నిర్మించిన సీమాస్ చిప్పు 65సి02 మాత్రము క్లాకు ఎంతసేపు ఆగినను మరువదు. అందుచే ఎన్‌మాస్ చిప్పులకు ఎనిమిది నిరోధకములతో 234ను స్థిరముగా కట్టి, ఒక మెగాహెర్ట్‌జు క్లాకునిచ్చి, పై చిరునామా తీగెకు దీపము తగిలింతురు. అది సెకనుకు ఏడెనిమిది మార్లు మినుకుమనును.

పాత పేరు చెరిపి క్రొత్త పేరు అచ్చువేసి అమ్మువారును కలరు. 65సి02 అని వ్రాసియున్న చిప్పును నడిపించి, క్లాకును కొన్ని నిమిషములు ఆపి మరల కొట్టుదురు. వరుస తప్పక సాగినచో పేరు నిజమని నమ్మవచ్చును. త్రోవ తప్పినచో లోపలిది పాత 6502 అని శంకింపవలసినదే.