మూసీని దాటే దారులు



లాడ్ బజారులో గాజులు కొందామని బయల్దేరితే నయాపూల్ దగ్గర బస్సు ఆగిపోతుంది. ముందు ఆటోలు, వెనక స్కూటర్లు. ఈ వంతెన ఇంకాస్త వెడల్పుగా కట్టి ఉంటే ఏం పోయేదని విసుక్కుంటాం. కిందికి చూస్తే సన్నటి మురికినీటి పాయ. ఇదే ఒకనాడు ఊరిని ముంచిందంటే నమ్మబుద్ధి కాదు.

నిజానికి హైదరాబాదు పుట్టుకే మూసీని దాటడంతో మొదలైంది. గోల్కొండ నుంచి అవతలి ఒడ్డుకు రాకపోకల కోసం ఇబ్రహీం కుతుబ్ షా 1578లో పురానాపూల్ కట్టించాడు. చార్మినార్ లేచింది 1591లో. అంటే ముందు వంతెన వచ్చింది, తరువాత ఊరు వచ్చింది! జనం పెరిగిన కొద్దీ చాదర్‌ఘాట్ వంతెన, నయాపూల్ అని మనం పిలిచే అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన ఒకదాని తరువాత ఒకటి కట్టారు. వాటితోపాటే ఇళ్ళూ, బజార్లూ నీటి అంచుదాకా దిగిపోయాయి.

1908 సెప్టెంబరు 28న ఏం జరిగిందో తెలుసా? పైన కుండపోత వాన కురిసింది. మూసీ పరీవాహక ప్రాంతంలో 200కు పైగా చెరువులు తెగి, ఆ నీళ్ళన్నీ ఒక్కసారిగా ఊరిమీద పడ్డాయి. అఫ్జల్‌గంజ్, కోల్సావాడి మునిగిపోయాయి. చనిపోయినవాళ్ళు 15,000 మంది దాకా ఉంటారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనూ, కూతురినీ ఆ వరదలోనే పోగొట్టుకున్నాడు. ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారని చెబుతారు. మిగతా మూడు వంతెనలూ తెగిపోగా, రెండు ఒడ్డులనూ కలపడానికి పాత పురానాపూల్ ఒక్కటే మిగిలింది.

మరుసటి ఏడు నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఆయన చెప్పింది మనకు వంటింట్లో తెలిసిన సంగతే. పాలు పొంగుతాయని తెలిసినప్పుడు గుడ్డ పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడితే లాభం లేదు, ముందే పెద్ద గిన్నె పెట్టాలి. వరదను ఊళ్ళో ఆపలేం, ఊరికి పైనే పట్టి ఉంచి మెల్లమెల్లగా వదలాలి. అలా 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఈలోగా 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఇరుకు వీధులను వెడల్పు చేసింది, పత్తర్‌గట్టీ బజారును తీర్చిదిద్దింది, ఒడ్డుకు గోడలు కట్టి తోటలు వేసింది. దారి గురించి, నీటి గురించి కలిపి ఆలోచించారన్నమాట.

ఆ తరువాత మనం ఈ రెంటినీ విడదీశాం. ఊరి నడిబొడ్డున అందరికీ అందుబాటులో ఉంటుందని 1994లో పెద్ద బస్ స్టేషన్‌ను మూసీ మధ్యనున్న ఇమ్లిబన్‌లో కట్టారు. ప్రయాణీకులకు సౌకర్యమే, కాదనను. కాని 2025 సెప్టెంబరు చివర జంట జలాశయాల గేట్లు ఎత్తినప్పుడు ఆ స్టేషన్‌లోకే నీళ్ళొచ్చాయి. పిల్లలతో, మూటాముల్లెలతో జనం రాత్రివేళ చిక్కుకుపోయారు. బస్సులను ఊరి అంచుల నుంచి నడపవలసి వచ్చింది.

ఎండిన ఏరు ఖాళీ స్థలం కాదు. చుట్టం ఊరెళ్ళాడని అతని గది అద్దెకిచ్చేస్తే, తిరిగొచ్చిన రోజున ఏం చెబుతాం?

కొత్త వంతెన గాని, కొత్త రోడ్డు గాని వస్తోందంటే ఎన్ని నిమిషాలు కలిసొస్తాయని అడుగుతాం. వానొస్తే నీళ్ళు ఎటు పోతాయని కూడా అడుగుదాం. ఇంట్లో స్థలం కొనే మాట వచ్చినప్పుడు అక్కడ చెరువుండేదా, నాలా ఉండేదా అని మనమే వాకబు చేద్దాం. గేట్లు ఎత్తుతున్నారని వార్త వింటే ఆ రాత్రి ప్రయాణం మానుకోమని ఇంట్లోవాళ్ళకు గట్టిగా చెప్పండి. ఆలస్యమైతే మర్నాడు వెళ్ళవచ్చు.